ఊబకాయం ఎప్పుడు జబ్బవుతుంది?

2025 జనవరిలో ‘లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ’ పత్రిక వేసిన కమిషన్ తన నివేదికను బయటపెట్టింది. 56 మంది నిపుణులు కలిసి చెప్పినదాని సారం ఇది: ఎత్తు, బరువు లెక్కగట్టి ఒక మనిషికి ఊబకాయం ఉందని తేల్చేయకూడదు. ఒంట్లో కొవ్వు నిజంగా ఎక్కువుందో లేదో విడిగా చూడాలి. ఉన్నా కూడా, అది అవయవాల పనిని ఇప్పటికే దెబ్బతీసిందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. దెబ్బతీసి ఉంటే దాన్ని ‘క్లినికల్ ఒబేసిటీ’ అన్నారు, అది జబ్బు. తీయకపోతే ‘ప్రీ-క్లినికల్ ఒబేసిటీ’, అంటే ముప్పు ఉంది కానీ జబ్బు ఇంకా లేదు.

అప్పటిదాకా వింటూ వచ్చింది వేరు. 2013లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఊబకాయాన్ని జబ్బుగా గుర్తించింది. పన్నెండేళ్లు తిరిగేసరికి ‘అందరి విషయంలో కాదు, కొందరికే’ అనే మాట వచ్చింది. ఈలోగా బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి, వాటిని ఎవరికి రాయాలన్న గొడవా మొదలైంది. 2022లో ప్రపంచంలో దాదాపు 89 కోట్ల మంది పెద్దవాళ్లు ఊబకాయంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వీళ్లంతా జబ్బుమనుషులేనా? జవాబు ముందుగా బీఎంఐ అనే అంకె దగ్గర చిక్కుకుని ఉంది.

## బీఎంఐ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కిలోల్లో బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే బీఎంఐ. ఒకతను 170 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు ఉన్నాడనుకుందాం. 1.7ని 1.7తో గుణిస్తే 2.89. 78ని దాంతో భాగిస్తే సుమారు 27 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. కాబట్టి ఇతనిది అధిక బరువు మాత్రమే. అయితే ఆసియా ప్రజల్లో షుగర్, గుండె జబ్బులు తక్కువ బీఎంఐ దగ్గరే మొదలవుతున్నాయని చూసిన అదే సంస్థ నిపుణులు, 23, 27.5 అంకెల దగ్గరా జాగ్రత్త పడాలని 2004లో సూచించారు. భారతీయులకు 25 నుంచే ఊబకాయం అని లెక్కవేసే వైద్యులూ ఉన్నారు. మనిషి ఒకడే, బరువూ అదే. ఏ పట్టిక తీశారన్న దాన్నిబట్టి అతనికి ఊబకాయం ఉన్నట్టో లేనట్టో అవుతోంది.

ఇందులో మోసమేమీ లేదు. 29.9 దగ్గర లేని ప్రమాదం 30 దగ్గర హఠాత్తుగా పుట్టుకురాదు. ప్రమాదం వాలుగా పెరుగుతూ పోతుంది, ఆ వాలు మీద ఎక్కడో ఒకచోట మనుషులు గీత గీశారు. అసలు ఈ సూత్రం కట్టిన బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లేకి 1830లలో జబ్బుల ధ్యాసే లేదు. జనాభాలో ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో ఆయన లెక్కగట్టాలనుకున్నాడు. దానికి బీఎంఐ అనే పేరు తగిలించింది 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. జనాన్ని గుంపులుగా కొలవడానికి పుట్టినదాన్ని ఒక్కో రోగి చీటీ మీదికి తెచ్చిపెట్టుకోవడంతోనే సగం తంటా వచ్చింది.

ఆ తంటా ఎంతటిదో ఇద్దరు వైద్యులు తమ ఒళ్లే సాక్ష్యంగా చూపించారు. పుణేకి చెందిన చిత్తరంజన్ యాజ్నిక్, బ్రిటన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోతో పాటు తమ కొలతలు అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2 శాతం. అంకె ఒకటే అయినా కొవ్వు రెట్టింపు కంటే ఎక్కువ. కండ పుష్టిగా ఉన్న క్రీడాకారుల్లో ఇదే తిరగబడుతుంది: బీఎంఐ 28 ఉంటుంది, కొవ్వు మాత్రం తక్కువే.

అందుకే నడుము చుట్టుకొలత లెక్కలోకి వచ్చింది. దక్షిణాసియా మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య గీత గీసింది. ఎత్తులో సగం కంటే నడుము ఎక్కువుందా అని చూడటం ఇంకో పద్ధతి. 170 సెంటీమీటర్ల మనిషికి ఆ గీత 85 దగ్గర పడుతుంది. లాన్సెట్ కమిషన్ కూడా ఇలాంటి కొలతల్లో ఏదో ఒకటి బీఎంఐకి తోడుగా ఉండాలంది. బీఎంఐ 40 దాటినవాళ్లకు మాత్రం వేరే రుజువు అక్కర్లేదు, కొవ్వు ఎక్కువని నేరుగా అనుకోవచ్చంది.

## కొవ్వు ఎంతన్నదాని కంటే ఎక్కడన్నదే ముఖ్యం

కొవ్వంటే ఒంటికి అంటుకున్న పనికిరాని సరుకని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎడతెగకుండా పనిచేసే అవయవం. ఇది 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ హార్మోన్‌ని కనిపెట్టినప్పుడు గట్టిగా తెలిసింది. కొవ్వు కణాలు లెప్టిన్‌ను రక్తంలోకి వదిలి, నిల్వ ఎంతుందో మెదడుకి కబురు పంపుతాయి.

చర్మం కింద, తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు చాలావరకు క్షేమంగానే ఉంటుంది. మిగులు శక్తిని దాచే గోదాం అది. గోదాం నిండాక సరుకు వరండాలో, మెట్ల మీద పేరుకున్నట్టు, చర్మం కింద చోటు చాలనప్పుడు కొవ్వు కాలేయంలోకి, క్లోమంలోకి, కండరాల్లోకి, గుండె చుట్టూ చేరుతుంది. అక్కడ అది ఉండాల్సింది కాదు. జబ్బుల కథ చాలావరకు ఇక్కణ్ణుంచే మొదలవుతుంది.

దీనికి అసలైన రుజువు లావుగా ఉన్నవాళ్లలో కాదు, పూర్తిగా బక్కపలచగా ఉన్నవాళ్లలో దొరుకుతుంది. లిపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బులో చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. వీళ్లకు షుగర్ రాకూడదు కదా అనిపిస్తుంది. కానీ చిన్న వయసులోనే తీవ్రమైన షుగర్, ఫ్యాటీ లివర్ వస్తాయి. దాచుకునే చోటే లేకపోవడంతో ఒంటికి చేరిన కొవ్వంతా కాలేయం మీద పడుతుంది. అంటే కీడు చేసేది కొవ్వు ఉండటం కాదు, తప్పుడు చోట ఉండటం.

ఈ గోదాం ఎంత పెద్దదన్నది మనిషి మనిషికీ మారుతుంది. బ్రిటన్ పరిశోధకుడు రాయ్ టేలర్ దీన్నే ‘వ్యక్తిగత కొవ్వు పరిమితి’ అంటాడు. బీఎంఐ 24 ఉన్న ఒకరికి షుగర్ వచ్చి, 36 ఉన్న మరొకరికి రాకపోవడం ఎందుకో ఈ లెక్కతో కొంత అర్థమవుతుంది. ఆడవాళ్లలో మెనోపాజ్ దాకా కొవ్వు తొడల్లో, పిరుదుల్లో ఎక్కువగా చేరి, ఆ తర్వాత పొట్టలోకి మళ్లుతుంది. గుండె జబ్బుల విషయంలో వాళ్లకి ముందున్న వెసులుబాటు ఆ వయసు తర్వాత తగ్గిపోవడానికి ఇదీ ఒక కారణం.

## షుగర్ నుంచి క్యాన్సర్ దాకా: జబ్బులు వచ్చే దారులు

తప్పుడు చోట చేరిన కొవ్వు వల్ల ముందుగా దెబ్బతినేది ఇన్సులిన్ పని. కాలేయంలో, కండరాల్లో కొవ్వు పేరుకుంటే అవి ఇన్సులిన్ మాట వినవు. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. కొన్నేళ్లు అలా నెట్టుకొస్తుంది. చివరికి చేతులెత్తేస్తుంది, అప్పుడు రక్తంలో షుగర్ పెరుగుతుంది. ఈ లోపు పరీక్షల్లో షుగర్ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ‘అంతా బాగుంది’ అనుకునే కాలం చాలా పొడుగ్గా ఉండొచ్చు. మరోవైపు, ఉబ్బిన కొవ్వు కణాల చుట్టూ రోగనిరోధక కణాలు చేరి, ఒళ్లంతా సన్నగా మంట రగులుతూ ఉంటుంది. పైకి కనిపించని ఈ వాపు రక్తనాళాలకు మంచిది కాదు.

బీపీ పెరగడానికి కిడ్నీలదీ పాత్ర ఉంది. వాటి చుట్టూ పేరుకున్న కొవ్వు నొక్కడం, నరాల వ్యవస్థ ఉద్రేకంగా ఉండటం, ఉప్పును పట్టి ఉంచే హార్మోన్లు పెరగడం అన్నీ కలుస్తాయి. పెరిగిన ఒంటికి ఎక్కువ రక్తం పంపాల్సి రావడంతో గుండె గోడలు మందమవుతాయి. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె వైఫల్యం ఈ దారిలో వస్తాయి. ఫ్యాటీ లివర్ గురించి ఒక మాట: అది ముదిరితే కాలేయం గట్టిపడి పాడయ్యే సిరోసిస్ అవుతుందన్న భయమే అందరికీ ఉంటుంది గానీ, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లను ఎక్కువగా బలితీసుకునేది గుండె జబ్బే.

కొన్ని జబ్బులు హార్మోన్లతో కంటే బరువుతోనే వస్తాయి. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలిపై భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికాలో చేసిన అధ్యయనం చూపింది. ఐదు కిలోలు తగ్గితే అడుగుకి ఇరవై కిలోలన్నమాట. మెడ చుట్టూ, నాలుకలో చేరిన కొవ్వు నిద్రలో గొంతును మూసేస్తుంది. పక్కవాళ్లకి వినిపించేది గురకే, కానీ లోపల శ్వాస ఆగి ఆక్సిజన్ పడిపోతూ ఉంటుంది. అదే స్లీప్ అప్నియా. కీళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఊబకాయం ఉన్నవాళ్లలో చేతివేళ్ల కీళ్లూ ఎక్కువగా అరుగుతాయి. చేతుల మీద ఎవరూ నడవరు కదా. కాబట్టి కీళ్ల అరుగుదలలో బరువుతో పాటు రసాయనాల వాటా కూడా ఉందన్నమాట.

పీసీఓఎస్ (ఆడవాళ్లలో అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య), గర్భంలో షుగర్, గర్భంలో బీపీ, పిత్తాశయంలో రాళ్లు ఈ జాబితాలోవే. డిప్రెషన్ మాత్రం రెండు వైపులా నడుస్తుంది: అది బరువును పెంచుతుంది, బరువు దాన్ని పెంచుతుంది. ఇందులో చుట్టూ ఉన్నవాళ్ల మాటలదీ పెద్ద పాత్రే.

## ‘ఏడు రెట్ల ప్రమాదం’ అంటే అసలు ఎంత?

2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అదనపు కొవ్వుకి 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందనడానికి తగిన ఆధారాలున్నాయని తేల్చింది. అందులో గర్భాశయ లోపొర క్యాన్సర్ ముప్పు, బీఎంఐ 40 దాటినవాళ్లలో మామూలు బరువువాళ్ల కంటే సుమారు ఏడు రెట్లు. మెనోపాజ్ తర్వాత వచ్చే రొమ్ము క్యాన్సర్ ముప్పు బీఎంఐ ఐదు పెరిగినప్పుడల్లా సుమారు 1.1 రెట్లు. రెండింటికీ ఒక ఉమ్మడి కారణం ఉంది: అండాశయాలు పని ఆపేశాక ఒంట్లో ఈస్ట్రోజన్ తయారయ్యేది ముఖ్యంగా కొవ్వులోనే.

శీర్షికల్లోకి ఎక్కేది ‘ఏడు రెట్లు’. 1.1ని ఎవరూ పట్టించుకోరు. కానీ లెక్క సులువుగా ఉండేందుకు ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక అరుదైన జబ్బు వెయ్యి మందిలో ఒకరికి వస్తుంది. ముప్పు ఏడు రెట్లయితే ఏడుగురికి వస్తుంది, అదనంగా ఆరుగురు. ఇంకో జబ్బు వెయ్యి మందిలో 60 మందికి వస్తుంది. 1.1 రెట్లయితే 66 మందికి, ఇక్కడా అదనం ఆరుగురే. రెట్లలో ఎంతో తేడా, మనుషుల్లో ఏ తేడా లేదు. ఇక ‘ఏడు రెట్ల ముప్పు’ పడిన గుంపులోనూ వెయ్యిలో 993 మందికి ఆ జబ్బు రాలేదు. రెట్లు మాత్రమే చెప్పి అసలు జబ్బు ఎంత అరుదో చెప్పని వార్త సగం వార్తే.

## లావుగా ఉండి ఆరోగ్యంగా ఉండటం కుదురుతుందా?

ఊబకాయం ఉన్నా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మామూలుగా ఉండేవాళ్లు తక్కువేం కాదు. ‘మరి వీళ్లకేమైంది, హాయిగా ఉన్నారు కదా’ అనేది ఒక పక్షం. బ్రిటన్‌లో 35 లక్షల మంది వైద్య రికార్డులు చూసిన 2017 నాటి అధ్యయనం దీనికి అడ్డుపడింది. ఏ లోపమూ లేని మామూలు బరువువాళ్లతో పోలిస్తే, ఏ లోపమూ లేని ఊబకాయుల్లో గుండె ధమనుల జబ్బు సుమారు సగం ఎక్కువగా, గుండె వైఫల్యం దాదాపు రెట్టింపుగా కనిపించింది. పైగా ఈ ‘ఆరోగ్యం’ చాలామందిలో శాశ్వతం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ బీపీయో షుగరో వచ్చి చేరుతుంది.

ఇంకో వైపు నుంచి వచ్చిన బాంబు 2013 నాటిది. అమెరికా పరిశోధకురాలు క్యాథరిన్ ఫ్లెగల్ బృందం 97 అధ్యయనాలను కలిపి చూస్తే, బీఎంఐ 25 నుంచి 30 మధ్య ఉన్నవాళ్లలో మరణాలు మామూలు బరువువాళ్ల కంటే 6 శాతం తక్కువ వచ్చాయి. 35 దాటినవాళ్లలో 29 శాతం ఎక్కువ. అంటే కాస్త లావు మంచిదేనా?

విమర్శకుల వాదనను ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. మామూలు బరువువాళ్లు వంద మంది, అధిక బరువువాళ్లు వంద మంది. పదేళ్లలో మొదటి గుంపులో 12 మంది, రెండో గుంపులో 10 మంది పోయారు. సన్నవాళ్లే ఎక్కువ పోయారనిపిస్తుంది. కానీ మొదటి గుంపులో పది మంది సిగరెట్ల వల్లో, ఇంకా బయటపడని క్యాన్సర్ వల్లో చిక్కిపోయి అక్కడికి చేరారు, వాళ్లలో ఐదుగురు పోయారు. రెండో గుంపులో అలాంటివాళ్లు ఇద్దరే, ఒకరు పోయారు. వీళ్లను పక్కనపెడితే మొదటి గుంపులో 90కి 7, అంటే 7.8 శాతం. రెండో దాంట్లో 98కి 9, అంటే 9.2 శాతం. ఫలితం తిరగబడింది. బరువు తక్కువగా ఉండటం వాళ్లని చంపలేదు, చంపే జబ్బే వాళ్ల బరువు తగ్గించింది.

2016లో లాన్సెట్‌లో వచ్చిన భారీ అంతర్జాతీయ విశ్లేషణ ఇదే పని చేసింది. పొగ తాగేవాళ్లను, ముందే జబ్బున్నవాళ్లను, మొదటి ఐదేళ్లలో పోయినవాళ్లను తీసేస్తే, అన్నిటికంటే తక్కువ మరణాలు బీఎంఐ 20 నుంచి 25 మధ్య కనిపించాయి. ఫ్లెగల్ దీనికి ఒప్పుకోలేదు. అంతమందిని తీసేశాక మిగిలేది అసలు జనాభా కాదని ఆమె వాదన. అది కొట్టిపారేయదగ్గది కాదు. అయినా నాకు 2016 లెక్కే ఎక్కువ నమ్మదగ్గదిగా కనిపిస్తుంది, పొగతాగడం అంత బలమైన అడ్డుతెర కాబట్టి. గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో మాత్రం కాస్త బరువున్నవాళ్లు ఎక్కువకాలం బతకడం చాలా అధ్యయనాల్లో కనిపిస్తూనే ఉంది. అందులో నిజమెంత, లెక్కల గారడీ ఎంత అన్నది తేలలేదు.

## కొత్త విభజనపై తగాదా

ఇప్పుడు కమిషన్ దగ్గరికి తిరిగి వద్దాం. ఒకామె బీఎంఐ 33, నడుమూ పెద్దదే. కానీ పరీక్షలన్నీ బాగున్నాయి, మెట్లు ఎక్కితే ఆయాసం లేదు, కీళ్ల నొప్పుల్లేవు. ఒకతని బీఎంఐ 28. నడుము కొలతలు గీత దాటాయి, స్లీప్ అప్నియా ఉంది, మోకాళ్ల నొప్పితో నడక కష్టం. పాత పద్ధతిలో ఆమెకు ఊబకాయం, అతనికి అధిక బరువు. కమిషన్ పద్ధతిలో ఆమెది ప్రీ-క్లినికల్, అతనిది క్లినికల్. పెద్దవాళ్లకు కమిషన్ 18 ప్రమాణాలు పెట్టింది, వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు.

దీన్ని మెచ్చుకునేవాళ్లు చెప్పేది: ఖరీదైన మందులు, సర్జరీలు నిజంగా అవసరమైనవాళ్లకు ముందు అందుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద రోగి అనే ముద్ర పడదు. వ్యతిరేకించేవాళ్లు చెప్పేది: అవయవం దెబ్బతినేదాకా ఆగమన్నట్టు ఉంది. ప్రీ-క్లినికల్ అన్న పేరు చూపించి బీమా సంస్థలు చేతులు దులుపుకుంటాయి. పైగా షుగర్ వ్యాధి ఒక్కటే ఉండటం ఈ జాబితాలో ప్రమాణం కాదు. ఎక్కువ షుగర్, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), తక్కువ హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) కలిసి ఉంటేనే లెక్క. ఊబకాయం పేరు చెప్తే ముందుగా గుర్తొచ్చే జబ్బునే ఇలా పక్కనపెట్టడం చాలామందికి మింగుడుపడలేదు, నాకూ అది వింతగానే ఉంది. షుగర్ దానంతట అది వేరే జబ్బని కమిషన్ సమర్థన.

## బరువు తగ్గితే ప్రమాదం వెనక్కి వెళ్తుందా?

ఒక్కో జబ్బుకి ఒక్కో జవాబు. షుగర్ విషయంలో స్పష్టంగా అవును. 2002 నాటి అమెరికా ‘డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం’లో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో కొత్తగా షుగర్ రావడం 58 శాతం తగ్గింది. అప్పటికే షుగర్ వచ్చినవాళ్ల మీద బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ ప్రయోగంలో, ఏడాది తర్వాత 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో ఇది 86 శాతం. స్లీప్ అప్నియాలో 10 శాతం బరువు తగ్గితే శ్వాస ఆగే తడవలు సుమారు పావు వంతు తగ్గుతాయి. మోకాళ్లలో నొప్పి తగ్గుతుంది, కానీ అరిగిన గుజ్జు తిరిగి రాదు. పిత్తాశయం మరీ తిక్కది: లావున్నప్పుడు రాళ్లు వస్తాయి, చాలా వేగంగా సన్నబడినా వస్తాయి.

గుండె దగ్గరే కథ అడ్డం తిరిగింది. షుగర్ ఉన్న 5,145 మందిపై జరిగిన ‘లుక్ అహెడ్’ ప్రయోగంలో తిండి, వ్యాయామం మార్చి బరువు తగ్గారు, బీపీ, షుగర్ మెరుగయ్యాయి, నిద్ర బాగుపడింది. పదేళ్లకు దగ్గరపడ్డా గుండెపోటులు, పక్షవాతాలు మాత్రం తగ్గలేదు. తగ్గిన బరువు చాలలేదా, రెండు గుంపులకీ మంచి మందులు అందడంవల్ల తేడా కనిపించలేదా అని ఇప్పటికీ వాదిస్తున్నారు. 2023లో వచ్చిన ‘సెలెక్ట్’ ప్రయోగంలో షుగర్ లేని, గుండె జబ్బున్న 17,604 మందిలో బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలను కలిపి 20 శాతం తగ్గించింది. తర్వాత ఆ వివరాలు తవ్వితే, ఈ లాభం ఎన్ని కిలోలు తగ్గారన్న దానిమీద పెద్దగా ఆధారపడలేదని తేలింది. నడుము తగ్గడానికి మాత్రం కొంత సంబంధం కనిపించింది.

ఇదే మందును ఆపేసినవాళ్లను ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో సుమారు మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. మెరుగైన బీపీ, ఇతర అంకెలు కూడా చాలావరకు పాత స్థాయి వైపే జరిగాయి. దీన్ని మందు లోపమని కొందరు అంటారు. బీపీ మాత్రలు ఆపినా బీపీ తిరిగొస్తుంది కదా, దీర్ఘకాలిక జబ్బంటేనే అది అని ఇంకొందరు అంటారు. జీవితాంతం వాడాల్సిన మందు అయితే ప్రీ-క్లినికల్ దశలో ఉన్నవాళ్లకు దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది వైద్య సంఘాల మధ్య ఇంకా నలుగుతున్న ప్రశ్న.